మోడ్లెన్ అత్త గట్టు

లీన్ తీరంలో కొండకొమ్ము సముద్రంలోకి చొచ్చుకుపోయిన చోట, ఏటవాలు రాళ్ళ నడుమ ఒక గట్టుంది. అక్కడ పెరిగినంత లేత సాంఫైర్ కూర చుట్టుపక్కల ఇంకెక్కడా పెరగదు. ఆ కూర వెనిగర్‌లో ఊరేస్తే ఏడాదంతా ఉంటుంది. ఒక్కో గట్టు ఒక్కో ఇంటిది. ఆ ఇంటి పెద్దావిడ ఒక్కరికే దారి చూపించి అప్పజెబుతుంది.

ఇరవై ఏళ్ళుగా మేనత్త మోడ్లెన్ వెనకాల బుట్ట మోసింది మెరెరిడ్. ఈ జూన్‌లో అత్త మోకాళ్ళు మొరాయించాయి. గట్టు ఇక తనదేనని మెరెరిడ్ మనసులో ఎప్పుడో రాసేసుకుంది.

"టాంగ్వెన్‌కి ఇస్తున్నా. నువ్వే తీసుకెళ్ళి చూపించు," అంది అత్త, ఏదో ఉప్పు అందించమన్నంత తేలిగ్గా.

టాంగ్వెన్ మెరెరిడ్ తమ్ముడి పెళ్ళాం. పలకరాళ్ళ గనుల ఊరి పిల్ల. వచ్చి మూడేళ్ళే. సముద్రాన్ని చూస్తే నోరు తెరుచుకుని నిలబడుతుంది. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటే ఇదే.

మర్నాడు తీసుకెళ్ళింది. దారిపొడుగునా గులాబిరంగు పూలగుత్తులు చూసి టాంగ్వెన్ మురిసిపోతుంటే, "పూలు తర్వాత చూద్దువులే, కాళ్ళు చూసుకో," అని కసిరింది. కాడ ఎక్కడ తుంచాలో చెప్పింది. కిరసనాయిలు వాసన కొడితేనే అసలు కూర అని చెప్పింది. ఒక్కటి మాత్రం మింగేసింది. కింద నల్లపాచి పట్టిన రాయి వరకూ పోటు వస్తుంది, తిరిగొచ్చే దారి మునిగిపోతుంది, అప్పుడు పైన నారింజరంగు పాచి ఉన్న రాయెక్కి కూర్చోవాలి. ఆ మాట.

"నేను పైన బచ్చలి కోసుకొస్తా. నువ్వు నిదానంగా కానీ," అని ఎక్కేసింది.

చచ్చిపోవాలని కాదు. నడుందాకా తడిసి, హడలిపోయి, ఏడుస్తూ ఇంటికి రావాలి. అత్త చూడాలి. 'ఇది దీనివల్ల కాదు' అనాలి. అంతే.

అమావాస్య పోటు ముంచుకొచ్చింది. గాలి తిరిగింది. పైనుంచి చూస్తే నల్లరాయి కనబడటం మానేసింది, టాంగ్వెన్ కూడా కనబడలేదు. మెరెరిడ్ బచ్చలి బుట్ట అక్కడే పారేసి కిందికి ఉరికింది. తొడల్లోతు నీళ్ళలో, మోచేతులు చీరుకుపోతుంటే, "టాంగ్వెన్! ఏమే!" అని గొంతు చించుకుంది.

"ఇక్కడ వదినా! చెయ్యి ఇలా ఇయ్యి."

నారింజరంగు రాయి మీద, సాంఫైర్ గుబురు పక్కన, పొడిపొడిగా కూర్చునుంది మహాతల్లి. వదినని పైకి లాగి తన కోటు కప్పింది.

"నీళ్ళు తీసేదాకా మూడు గంటలు ఇక్కడే మనం."

"ఈ రాయెక్కాలని నీకెవరు చెప్పారు?" మెరెరిడ్ పళ్ళు టకటకలాడాయి.

"మోడ్లెన్ అత్త. సాంఫైర్ మొలిచిన చోటికి పోటు రాదంట కదా." టాంగ్వెన్ వదిన మీది కోటు సర్దింది. "చెప్పనా వద్దా అనుకున్నా... 'మెరెరిడ్ అన్నీ చూపిస్తుంది గానీ ఇదొక్కటీ చెప్పదు, అందుకే నేను చెబుతున్నా' అంది."

మెరెరిడ్ మొహం కందిపోయింది. "మరి నన్నెందుకు పంపింది?"

"నేనూ అదే అడిగా. 'అది పైనుంచి చూస్తూ ఊరుకోలేదు, దిగొచ్చేస్తుంది. రొట్టె ఇద్దరికీ పట్టుకెళ్ళు' అంది."

ఎండుద్రాక్ష రొట్టె తుంచి సగం చేతిలో పెట్టింది. మెరెరిడ్ కొరికింది. సిగ్గేసింది, నిజమే. కానీ అంతకంటే ఎక్కువ ఒళ్ళు మండింది. తన గుండెని ఇంత అడుగుదాకా చదివిన మనిషి, ఆ చదివింది తనకి ఒక్కనాడూ చెప్పకుండా, నిన్నగాక మొన్నొచ్చిన దీనికి చెప్పుకుంది.