నడవాలో సున్నా

ఆరువందల మంది పిల్లలు రోజూ నడవబోయే నడవా స్లాబులో భూకంపానికి పడే లాగుడు సున్నా అని కంప్యూటర్ తెర మీద కనబడగానే ఆమె కుర్చీ ముందుకు లాక్కుంది.

సున్నా ఎలా వస్తుంది? బడి భవనానికి అటొక రెక్క, ఇటొక రెక్క. మధ్యలో ఆకాశం కనిపించే పెద్ద ఖాళీ. రెండింటినీ కలిపేది సన్నటి నడవా ఒక్కటే. భూమి కంపిస్తే రెక్కలు రెండూ పీకేది దాన్నే.

డిజైన్లు తనిఖీ చేసే ఆమెను ఆఫీసులో అందరూ భూతద్దం అంటారు. భూతద్దం ఆ భవనపు కంప్యూటర్ మోడల్ తెరిచి చూసింది. అనుకున్నంతా అయింది. ఎవరో అంతస్తు మొత్తాన్నీ ఒకే బిగుతు పలకగా కట్టేశారు. ఇక కంప్యూటర్ దృష్టిలో అది సాగదు, చిరగదు. ఇనుప పళ్ళెంలా ఒక్కసారే కదులుతుంది. సాగనిదానిలో లాగుడు ఎక్కడ కనిపిస్తుంది? ఆమె ఆ ముడి విప్పి, స్లాబు నిజంగా సాగినట్టే సాగేలా పెట్టి మళ్ళీ లెక్క వేయించింది. తెర మీద నడవా, తట్టుకోలేనంత లాగుడుతో, పండుమిరపకాయలా ఎర్రబడింది.

వెంటనే మేస్త్రీకి ఫోన్ చేసింది.

"మొదటి అంతస్తు స్లాబు ఆపెయ్."

"కాంక్రీటు కలిపే మిల్లరు తిరుగుతోందమ్మా! పదకొండింటికల్లా మొదలెట్టమని సారు..."

"డిజైన్ మీద నా ముద్ర పడకుండా ఒక్క తట్ట పోశావంటే ఊరుకోను."

ముద్రను సంచీలో వేసుకుంటుండగానే సారు ఊడిపడ్డాడు. ఆఫీసు యజమాని, ఆమెకు అక్క మొగుడు.

"ఏం మరదలా, పని ఆపించావట?"

"నడవా తెగుతుంది బావా."

"ఆ, మొన్న మానేసి పోయినాయన చేసిన మోడలే కదా! అతని పని అంతే. తర్వాత చూద్దాంలే, ముద్ర ఇలా ఇవ్వు."

"ఇవ్వను."

"మీ అక్కతో చెప్తాను."

"మైకు పెట్టి చెప్పండి."

"ఇంకో ముద్ర చేయించడం ఎంతసేపు?"

"చేయించండి. నేను వెళ్ళి అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంటా. కాంక్రీటు నా నెత్తి మీద పోయమనండి."

బావ నవ్వబోయాడు. ఆమె తెరను అతని వైపు తిప్పింది.

"మోడల్‌లో పలక కట్టినప్పుడల్లా దానికో పేరు పెట్టాలి. మానేసినాయన ఎప్పుడూ ఒట్టి అంకెలే పెట్టేవాడు. దీని పేరు చదవండి."

తెర మీద 'చిట్టి' అని ఉంది. బావ కూతురి ముద్దుపేరు. తన ఫైళ్ళన్నిటికీ అతను పెట్టుకునే పేరు.

బావ కుర్చీలో కూలబడ్డాడు.

"నేనే. అతను సరిగ్గానే చేశాడు. నడవా ఎర్రగా వచ్చింది, వెడల్పు చేద్దామన్నాడు. ఆ సన్నటి నడవా నా ఊహ, బొమ్మ చూసినవాళ్ళంతా ఆహా అన్నారు. నిన్నగాక మొన్న వచ్చినవాడు చెప్తే నేను వినాలా అనిపించింది. అతను వెళ్ళిన మర్నాడే అంతస్తంతా ఎంచి ఒకే పలకగా కట్టెయ్యమని ఒక్క నొక్కు నొక్కాను. ఎరుపంతా పోయింది. పేరు అడిగితే, చెయ్యి అలవాటుగా చిట్టి అని కొట్టేసింది. దాని మీద నడిచేది పిల్లలేనని నాకు తెలుసు మరదలా. తెలిసే నొక్కాను."