పాతకాపు లూప్

లూపులు లేకుండా కోడ్ రాసే ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ నేర్పడానికి వచ్చిన ట్రైనర్, ఆఫీసంతా పాతకాపు అని పిలిచే సీనియర్ రాసిన కోడ్‌ను తెరమీద పెట్టాడు. ఒక్కో ఉద్యోగి సెలవులూ వరసగా తిరుగుతూ లెక్కగట్టే లూప్ అది, చాంతాడంత ఉంది. అందరూ నవ్వారు. పరువు పోతున్నా పాతకాపూ నవ్వాడు.

ట్రైనర్ లూప్ తీసేసి, అదే పనిని రెండు వరుసల్లో రాసి నడిపాడు. అందరికీ ఒక సెలవు తగ్గింది.

"మీది తప్పండోయ్!" పాతకాపు ఎగిరి గంతేశాడు.

"కాదు సార్, మీ లూపే ఇన్నాళ్లూ ఒకటి ఎక్కువిస్తోంది."

పాతకాపు ముఖం మాడిపోయింది. అంతలో వెనకనుంచి జూనియర్ అమ్మాయి లేచింది. "సార్, పాతదే ఉంచండి. చూడ్డానికి నిండుగా ఉంది."

గదంతా చప్పట్లు. పాతకాపు సిగ్గుపడదామని గట్టిగానే ప్రయత్నించాడు. ఆ చప్పట్లలో కుదరలేదు.