హెల్మెట్ల కుప్ప

మా వెల్డరు స్టేడియం పైకప్పు మీంచి పడిపోవడం కళ్ళారా చూశాం. నడుముకు తాడు అడిగితే "ఆటలు దగ్గరపడ్డాయి, ముందు పని కానీ" అన్న సూపర్‌వైజరూ చూశాడు. సాయంత్రానికల్లా గుండె ఆగి పోయాడని కాగితం పుట్టింది. దానిమీద సాక్షి సంతకం మా మేస్త్రీదే.

"అంత ఎత్తునుంచి పడితే ఎవడి గుండె ఆగదు?" అన్నాడు వెల్డరు తమ్ముడు. మాతోపాటు కుర్చీలు బిగిస్తాడు. "పడి చచ్చాడని ఒక్క ముక్క రాయించండన్నా. వదినకి అబద్ధం చెప్పలేను."

వారం తిరక్కుండా అంతర్జాతీయ క్రీడాసంఘం నుంచి తనిఖీకి ఒక మేడమ్ వచ్చింది. మా గదిలో, పద్నాలుగు మంచాల మధ్య, ట్రంకుపెట్టె మీద కూర్చుని అంతా వింది. కళ్ళు తుడుచుకుంది.

"చూసింది రాసివ్వండి. పేర్లొద్దు, మీకే ఇబ్బంది. హెల్మెట్ నంబర్లు చాలు."

గేటు దగ్గర రోజూ మమ్మల్ని పిలిచేది ఆ నంబర్లతోనే. ఆ పూట అది ఒక్కడికీ తట్టలేదు. ఆ కన్నీళ్ళకి కరిగిపోయి పద్నాలుగు మందిమీ రాసిచ్చాం. కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళంతా మనవాళ్ళు కారు, గుర్తుపెట్టుకోండి.

మూడోనాడు పొద్దున్నే గేటు దగ్గర పోలీసు వ్యాను. సూపర్‌వైజరు చేతిలో మా కాగితమే, నా వంకర అక్షరాలతో సహా. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి. ఒళ్ళు మండిపోయింది.

"రెండొందల పన్నెండు, ముందుకు రా!"

అది నేనే. ఇంతలో తమ్ముడు హెల్మెట్ తీసి నేలకేసి కొట్టాడు. దాని పక్కన నాదీ పడేశాను. తర్వాత ఎవరూ ఎవరికీ పడెయ్యమని చెప్పలేదు. నాలుగొందల హెల్మెట్లు గేటు ముందు కుప్పపడ్డాయి.

సూపర్‌వైజరు మా మొహాల్లోకి చూశాడు. రెండేళ్ళలో అదే మొదటిసారి. ఒక్కణ్ణీ పోల్చుకోలేకపోయాడు.

"మేస్త్రీ, ఎవడెవడో నువ్వు చూపించు!"

మేస్త్రీ తన హెల్మెట్ కూడా తీసి కుప్పలో పెట్టాడు.

"ఆ గుండె కాగితం మీద సంతకం నాది సార్. అది అబద్ధం. వాడు పడి చచ్చాడు."

పోలీసులు ఆయన్ని వ్యానులోకి తోశారు. వెనకాలే తమ్ముడు ఎక్కాడు. నేనెక్కాను. ఇంకా ఎక్కుతూనే ఉన్నారు.

"దిగండ్రా, జాగా లేదు!" అని అరిచాడు పోలీసాయన.

"ఇంకో వ్యాను తెప్పించండి సార్," అన్నాడు తమ్ముడు. "నాలుగొందల మందిమి ఉన్నాం."

ఆ రోజు స్టేడియంలో ఒక్క కుర్చీ కూడా ఎవరూ బిగించలేదు.