చించేసిన తీర్పు

అమెరికాలో కాగితం చించినంత మాత్రాన బాకీ మాసిపోదని మాకెవరూ చెప్పలేదు. చెప్పినా మా ఆయన వినేవారు కాదు, అది వేరే సంగతి.

జార్జియా రాష్ట్రంలోని కమ్మింగ్ ఊళ్లో మాకు రెండిళ్లుండేవి. ఒకదాంట్లో మేముండేవాళ్లం. మెట్లు లేని చిన్న ఇంటిని గోపాల్‌కీ, అతని భార్య కృష్ణకుమారికీ అద్దెకిచ్చాం. నన్ను నోరారా వదినా అని పిలిచేది కృష్ణకుమారి. ఏటా ఆవకాయ పెట్టి, సీసా మీద తారీఖు వేసి ఆమెకి పంపేదాన్ని. సీసా ఉత్తిదే తిప్పి పంపకూడదని ఆమె అందులో కరివేపాకు పొడి పోసి ఇచ్చేది. 2008 చివర్లో గోపాల్ ఉద్యోగం పోయి, అద్దె నాలుగు నెలలు ఆగిపోయింది. కౌంటీ కోర్టులో కేసు వేశాం. 2009 ఏప్రిల్‌లో తీర్పు మావైపు వచ్చింది. వాళ్లు ఇల్లు ఖాళీ చేసి, అప్పుల చరిత్ర చెప్పే క్రెడిట్ రిపోర్టులేవీ అడగని ఒక పాత అపార్ట్‌మెంట్లో, లిఫ్ట్ లేని మూడో అంతస్తుకి మారారు.

గోపాల్ మాట మీద నిలబడే మనిషి. కొత్త ఉద్యోగం దొరికాక, ఏడాదిన్నరకల్లా మొత్తం బాకీ తెచ్చి మా డైనింగ్ టేబుల్ మీద పెట్టాడు. మా ఆయన సాంబశివరావు కోర్టు కాగితం తీసి, ప్రోనోటు చించినట్టు నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి చించి, ముక్కలు అతని చేతిలో పెట్టారు. తెనాలిలో వాళ్ల నాన్నగారు అలాగే చేసేవారట. ఆ పూట అందరం కలిసి భోంచేశాం. బాకీ తీరిందని కోర్టులో మరో కాగితం వెయ్యాలన్న సంగతి నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు. అందరం డిగ్రీలున్నవాళ్లమే!

మరుసటి ఏడు మా ఆయన పోయారు. రెండిళ్లూ అమ్మేసి, మా అబ్బాయి రవికాంత్ ఇంట్లో మేడ మీద గదిలో చేరాను.

2013 ఆగస్టులో కృష్ణకుమారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. ఆస్పత్రి నుంచి తీసుకొచ్చి నలుగురు మోసి పైకెక్కించారు. ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి తప్ప ఆమె కిందికి దిగలేదు. ఒకరోజు గోపాల్ నా దగ్గరికి వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“అక్కయ్యగారూ, గ్రౌండ్ ఫ్లోర్ కోసం మూడు చోట్ల అప్లై చేశాను. ముగ్గురూ రిజెక్ట్ చేశారు. నా క్రెడిట్ రిపోర్ట్‌లో బావగారి జడ్జ్‌మెంట్ ఇంకా అన్‌పెయిడ్ అనే ఉందట.”

“చించేశారు కదయ్యా!”

“ముక్కలు నా దగ్గరే ఉన్నాయండీ,” అన్నాడు. నవ్వబోయి మానేశాడు.

మర్నాడే మా ఆయన మరణ పత్రం, వీలునామా పట్టుకుని కోర్టుకి వెళ్లాను. బాకీ మొత్తం ముట్టిందని సంతకం పెట్టి దాఖలు చేశాను. ఇంటికొచ్చి స్థిమితంగా కాఫీ తాగాను కూడా. రెండు నెలలకి గోపాల్ కొత్త రిపోర్టు తెచ్చి చూపించాడు. అన్‌పెయిడ్ పోయి పెయిడ్ వచ్చింది. తీర్పు మాత్రం ఉన్నచోటే ఉంది.

రవికాంత్‌ని అడిగాను. “అమ్మా, పన్ను బాకీకి ప్రభుత్వం వేసే టాక్స్ లీన్ అయితే కట్టిన రోజు నుంచి ఏడేళ్లు ఉంటుంది. కోర్టు జడ్జ్‌మెంట్ అయితే ఫైల్ అయిన రోజు నుంచి ఏడేళ్లు. వాళ్లెప్పుడు కట్టారన్నదాంతో సంబంధం లేదు. 2016 ఏప్రిల్ దాకా అంతే.”

“కేసు వేసినవాళ్లమే వద్దంటున్నాం కదరా!”

“అది మీ ఇష్టం కాదమ్మా.”

నాకు ఒళ్లు మండిపోయింది. గోపాల్‌ని వెంటబెట్టుకుని ఒక అపార్ట్‌మెంట్ ఆఫీసుకి వెళ్లి, కేసు వేసింది మేమేనని, ఇతను పైసా బాకీ లేడని, కావాలంటే నేను పూచీ ఉంటానని చెప్పాను. అక్కడి అమ్మాయి అంతా ఓపిగ్గా విని, ఇంటి యజమాని గెలిచిన కేసు రిపోర్టులో కనపడితే ఇల్లివ్వడం తన చేతిలో లేదంది. పైగా నాకు మంచినీళ్ల సీసా ఇచ్చింది. ఆ పిల్లని తిట్టడానికి కూడా నాకు దారి లేకపోయింది.

ఇక్కడ ఒక మాట దాచాను. కేసు వెయ్యమని పట్టుబట్టింది నేను. ఉద్యోగం దొరికేదాకా ఆగుదామని మా ఆయన అన్నారు. మొహమాటానికి పోతే మన కొంప మునుగుతుందని నేను కసిరాను. ఫారం నింపింది కూడా నేనే. ఆయన చేసిందల్లా సంతకం.

2014 ఎండాకాలంలో కూడా ఆవకాయ తీసుకుని ఆ మెట్లెక్కాను. కృష్ణకుమారి కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. కిందున్న గడ్డివైపు చూస్తోంది. మాట కాస్త ముద్దగా వస్తోంది.

“అన్నయ్యగారిని ఏమీ అనుకోకు వదినా. పోయినవాళ్లు,” అంది.

ఇంక ఆగలేకపోయాను. “ఆయన కాదు కృష్ణా. ఆ కేసు వేయించింది నేను.”

“తెలుసు.”

“ఎట్లా తెలుసు?”

“కోర్టు నుంచి ఫారం కాపీ వచ్చింది కదా. నువ్వు ఏడంకెకి నడుం మీద గీత పెడతావు. నీ సీసాల మీద ఎన్నేళ్లు చూశాను!”

“మరి ఒక్క మాటైనా అనలేదేం?” అన్నాను.

“బాకీ ఉన్నప్పుడు ఏమంటాను? కట్టేశాక కడిగేద్దామనుకున్నా. అన్నయ్యగారు కాగితం చించేశారు. ఇంక ఎందుకులే అనిపించింది.” ఎడమచేత్తో నా వేళ్లు పట్టుకుంది. “ఏప్రిల్ ఎప్పుడు వదినా?”

వచ్చే ఏప్రిల్ కాదని, ఆ తర్వాతదని చెప్పాను. ఆమె తలూపి మళ్లీ కిటికీ వైపు తిరిగింది.

2015 జనవరిలో రెండోసారి వచ్చింది పక్షవాతం. ఈసారి ఆ మెట్లు దిగడమే గానీ ఎక్కడం లేదు; ఆస్పత్రిలోనే పోయింది. తీర్పు గడువు ఇంకా పదిహేను నెలలుంది. అది కనబడకుండా పోయే రోజు కోసం గోపాల్ ఇప్పుడు చూడడం లేదు. ఏ అంతస్తైతేనేం అంటాడు.

నెల తర్వాత ఇల్లు సర్దుకుంటూ నా ఆవకాయ సీసా తెచ్చిచ్చాడు. శుభ్రంగా కడిగి తెచ్చాడు. తారీఖు వేసిన చీటీ మాత్రం ఊడలేదు, గీత పెట్టిన ఏడుతో సహా అలాగే ఉంది. మూత తీసి చూశాను. ఏమీ లేదు.