రాములు సారు చాయ్ పోసిన రోజు

ముత్యమ్మ పై అంతస్తు తుడిచి, నల్లబడ్డ నీళ్ళు పారబోసి, నడుము నిటారుగా చేసుకుంటుండగా చాయ్ కాచే ప్యాంట్రీలోంచి రాములు సారు పిలిచాడు.

"చెల్లే, జెర ఇట్ల రా. కూసో."

ఇంకెవరైనా ఉన్నారేమోనని ముత్యమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు.

పటాన్‌చెరులోని ఈ మందుల కంపెనీ ఆఫీసులో ఆమె ఏళ్ళుగా ఊడుస్తోంది. అటెండరు రాములు సారు ఆమెను పేరుపెట్టి పిలిచిందే తక్కువ. "ఏయ్, నీళ్ళు వడ్డయి, తుడువ్" అంటే అదే పెద్ద మాట. అతను కంపెనీ మనిషి, ఆమె కాంట్రాక్టరు మనిషి. చాయ్ కాచేది అతను, గిన్నెలు కడిగేది ఆమె. ఆ చాయ్‌కీ ఒక వరస ఉంది. ఆఫీసర్లకు పింగాణీ కప్పు, డ్రైవర్లకు, గేటు దగ్గరివాళ్ళకు గాజు గ్లాసు, ఊడ్చేవాళ్ళకు కాగితం కప్పు. అదీ అందరూ తాగాక, మెట్ల కింద నిలబడి తాగాలి. ఎక్కడా రాసి లేదు. రాములు సారు పెట్టాడు, అందరూ నోరుమూసుకుని పాటించారు.

అలాంటి మహానుభావుడు ఈరోజు స్టూలు జరిపి, పింగాణీ కప్పులో చాయ్ పోసి, కింద సాసరు కూడా పెట్టాడు.

భానూరు పొలాల్లో కూలికి పోయిన రోజుల నుంచీ తిట్టేవాడి ముందు ఎలా నిలబడాలో ముత్యమ్మకు తెలుసు. కూర్చోమన్నవాడి ముందు ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు. నిరుడు తనతో ఊడ్చే వనజ ఇలాంటి కప్పులోనే తాగుతూ మేనేజరు కంటబడితే, వెంటనే పనిలోంచి తీసేశారు. ఆ కబురు మోసింది రాములు సారేనని అందరి అనుమానం. ఇప్పుడు తన వంతు వచ్చిందా? ఇంట్లో పెనిమిటి మంచాన పడి ఉన్నాడు. ఈ పని పోతే పొయ్యి వెలగదు.

"వద్దు సార్. నాకు చాయ్ పడ్తలేదు," అంది, రోజూ తాగే మనిషి.

"తాగు చెల్లే. సల్లారుతది."

అతను అటు తిరగ్గానే చాయ్ సింకులో ఒంపేసి, కప్పు కడిగి బోర్లించింది. తలెత్తేసరికి అతను చూస్తున్నాడు. కోప్పడలేదు. దాంతో ఆమెకు ఇంకా భయం వేసింది.

మధ్యాహ్నం మరీ విడ్డూరం. ఆమె బకెట్ ఎత్తబోతే రాములు సారు వచ్చి పట్టుకున్నాడు.

"నేను తీస్కపోత. ఈ ఫినాయిల్ ఎంత కలుపుతవు? మాపు ఎట్ల పిండుతవు?"

ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, దువ్విన తెల్లమీసాలు. ఆ వేషంలో వంగి, మాపు కర్రను తలకిందులుగా పట్టుకున్నాడు. ముత్యమ్మకు నవ్వు రావాల్సింది, రాలేదు. తన పనిలో తప్పులు పడుతున్నాడా? తన జాగాలో ఇంకెవరినో పెట్టబోతున్నారా?

"నా పనిల తప్పుంటే మొఖం మీద చెప్పుండ్రి సార్," అని బకెట్ గుంజుకుంది. గొంతు లేచింది. "గిట్ల ఎన్కకెళ్ళి గోతులు తవ్వుడేంది? నీ జాగల నువ్వుండు, నా జాగల నేనుంట."

అతన్ని ఆమె 'నువ్వు' అనడం అదే మొదలు. అకౌంట్స్ వాళ్ళు తలలెత్తి చూశారు. నీళ్ళు తొణికి అతని బూట్ల మీద పడ్డాయి. ఏదో చెప్పబోయి, "సరే చెల్లే" అని మాత్రం అని, కర్ర గోడకు ఆనించి వెళ్ళిపోయాడు.

సాయంత్రం దాకా ముత్యమ్మ భయంతో తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. లోపలెక్కడో కొంచెం హాయిగా కూడా ఉంది, అబద్ధమెందుకు.

ఇంటికి పోతూ గేటు దగ్గర సంచి చూపిస్తుంటే సెక్యూరిటీ థామస్ అన్నాడు, "రాములన్న కంపెనీ కార్డు ఇచ్చేసి పోయిండు. ఇగ రాడంట."

"ఎందుకు?"

"రేపటికెళ్ళి చాయ్ మిషన్ పెడుతుండ్రు గద. ఆయనను మీ ఊడ్చేటోళ్ళల్ల ఏసిండ్రు, నీ చేతికింద. ముత్యమ్మ దగ్గర పని నేర్చుకుంట, ముందుగాల ఆమెతోని మంచిగ మాట్లాడాలె అని పొద్దుగాల నాతోని అన్నడు. నీకు చెప్పలేదా?"

చెప్పాడా? చెప్పలేదు. కానీ పొద్దుటి నుంచీ చెబుతున్నట్టే ఉంది కదా. కాగితం కప్పులు పెట్టిన మనిషీ ఇతనే, బకెట్ పట్టుకున్న మనిషీ ఇతనే. జాలి పడాలో, ఇన్నేళ్ళ కోపం మిగుల్చుకోవాలో ముత్యమ్మకు తేలలేదు. ఏడుపు మాత్రం వచ్చింది, ఎవరి కోసమో తెలియకుండా.

అన్నం డబ్బా మరిచిపోయానని థామస్‌కు అబద్ధం చెప్పి లోపలికి నడిచింది. ప్యాంట్రీలో ఎవరూ లేరు. చీపుర్లు పెట్టుకునే గది తలుపు తీసింది. ఆమె సంచి తగిలించుకునే మేకు పక్కన ఎవరో కొత్తగా ఇంకో మేకు కొట్టారు. దానికి ఒక నీలం చొక్కా వేలాడుతోంది. తను చీర మీద తొడుక్కునేలాంటిదే, మగవాళ్ళ కొలతది. మడతలు ఇంకా విడలేదు, కాలరు కింద అట్టముక్క, గుండుసూదులు అలాగే ఉన్నాయి.