దిష్టి ఉప్పు పడిన తొట్టి

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం, మా యాళినికి మళ్ళీ జ్వరం రావడమంటే. పద్నాలుగు నెలల పిల్ల. కిందటి వానల్లో ఒళ్ళు కాలిపోతే పుదుచ్చేరి ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉంచారు.

అందుకే దోమల ఆఫీసు నుంచి పరిది అన్న సీసా పట్టుకుని మా వీధికి వచ్చినప్పుడు, ముందుగా మా పెరటి సిమెంటు తొట్టినే చూపించాను. సీసాలో కంటికి ఆనని పురుగులున్నాయట. నీళ్ళలోని దోమపిల్లల ఒంట్లోకి దూరి, లోపలే తిని పెరిగి, చీల్చుకుని బయటికొస్తాయట.

"మనుషుల్లోకి దూరవు కదన్నా?"

"మీ అత్తగారి జోలికి కూడా పోవమ్మా."

మా అత్త అంజలై గుమ్మంలోనే ఉంది. "రమ్మను నాయనా, చచ్చేది అవే," అంది.

పది రోజుల్లో తొట్టి అడుగున, పెరిగి బయటికొచ్చిన ఆ పురుగులే తెల్లటి దారప్పోగుల్లా కనిపించాయి. దోమపిల్ల ఒక్కటి లేదు. వీధి వీధంతా చూడ్డానికి వచ్చింది. వచ్చినవాళ్ళు ఊరుకోకుండా యాళినిని ఎత్తుకుని, "ఎంత బొద్దుగా అయిందే!" అన్నారు. అన్ని కళ్ళు పడితే పసిది తట్టుకుంటుందా? రోజూ సాయంత్రం గుప్పెడు రాళ్ళుప్పుతో దిష్టి తీసి, ఉప్పు నీళ్ళలో కరగాలి కదా అని ఆ తొట్టిలోనే వేస్తూ వచ్చాను.

నెల తిరిగేసరికి దోమలు వచ్చాయి. పిల్ల ఒళ్ళు వెచ్చబడింది. నేను దిష్టి ఉప్పు రెండు గుప్పెళ్ళు చేశాను.

పరిది అన్న మళ్ళీ వచ్చి, తొట్టి నీళ్ళు వేలితో నాలుకకు రాసుకుని ఉమ్మేశాడు. "ఏమ్మా, ఇందులో ఊరగాయ పెట్టావా?"

సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. "ఉప్పుకి పురుగులు పోయాయి. దోమలకి మాత్రం ఏం కాలేదు."

"అయితే దిష్టి పురుగులకి తగిలింది," అంది అత్త.

తొట్టి ఒంపేసి, పిల్లను భుజాన వేసుకుని మళ్ళీ ఆసుపత్రికే వచ్చాను. రక్తం తీశారు. ఏమిటన్నది ఇంకా చెప్పలేదు.

ఇక్కడ కూర్చున్నాక గుర్తొచ్చింది. తూర్పువీధి కుయిలి పురిటి బిడ్డకు దిష్టి తీసి ఉప్పు ఎక్కడ వెయ్యాలని అడిగితే, అంతా తెలిసినదానిలా "నీ తొట్టిలోనే వెయ్యవే" అన్నాను. దాని తొట్టిలోనూ పరిది అన్న పోసిన పురుగులే ఉన్నాయి. పొద్దున్నుంచీ కుయిలి ఫోను ఎత్తడం లేదు. ఇది చదువుతున్న మీలో ఎవరైనా అటు వెళ్తుంటే ఆ ఇంట్లో ఒక్కసారి తొంగిచూడండి. తొట్టి సంగతి తర్వాత, ముందు బిడ్డ నుదుటి మీద చెయ్యి పెట్టి చూడండి.