అంగుస్తానా అచ్చు

పొద్దున్నే కోడలు చేసే మొదటి పని షెడ్డు తలుపు తీసి, నిన్న పోసిన బొత్తాలను అచ్చుల్లోంచి ఊడదీయడం. రెండో పని అత్తగారిని దారపు ఉండ మీంచి దించి, ముఖం తుడిచి, ఇంకు ఫిల్లరుతో పాలు పట్టడం. అత్తగారు అప్పటికి జానెడు కూడా లేదు.

వాళ్లది అచ్చులు పోసే ఇల్లు. బొత్తాలు, సొరుగుల పిడులు, బొమ్మల కళ్లు, ఏ చిన్న వస్తువు తెచ్చిచ్చినా దాని మీద సిలికాన్ రబ్బరు పోసి అచ్చు తీస్తారు. ఆ అచ్చులో రంగు కలిపిన రెజిన్ ద్రవం పోసి, గట్టిపడ్డాక ఊడదీసి, అలాంటివి ఎన్ని కావాలంటే అన్ని చేసిస్తారు. రబ్బరులో రెండు రకాలు. తెల్లది ఏ ఎండకా గొడుగు పట్టే రకం. చెక్క మీదైనా, మైనం మీదైనా, మురికి మీదైనా గట్టిపడుతుంది, కానీ ఏళ్లు గడిచేకొద్దీ కుంచించుకుపోతుంది. నీలం రబ్బరు పోసినప్పుడు ఎంత ఉందో తరాలు మారినా అంతే ఉంటుంది. కాకపోతే దానికి కొత్త అల్లుడికున్నంత అలక. గిన్నెలు కడిగే పసుపు గ్లౌజులతో ముట్టుకున్న వస్తువు మీద పోస్తే, దాని చుట్టూ బంకలాగే మిగిలిపోతుంది, ఎన్నాళ్లున్నా గట్టిపడదు. అందుకే గోడకి రెండు మేకులు. ఒకదానికి గిన్నెలు కడిగే పసుపు గ్లౌజులు, ఇంకోదానికి నీలం రబ్బరు పనికి వాడే నల్లవి. రెజిన్ తగిలితే కోడలి చేతులు దద్దుర్లెక్కుతాయి కాబట్టి, ఏదో ఒక జత ఆమె చేతులకి ఉండాల్సిందే.

ఇంకో సంగతి కూడా ఆ వీధిలో అందరికీ తెలుసు. మనిషి ఏళ్ల తరబడి వాడిన వస్తువుకి అచ్చు తీస్తే, ఇక ఆ అచ్చు ఎలా ఉంటే మనిషీ అలాగే ఉంటుంది. అచ్చు నూలుపోగంత తగ్గితే మనిషి మూరెడు తగ్గుతుంది. అందుకే అచ్చుకిచ్చేవాళ్లు కొత్త వస్తువులే కొని తెస్తారు. ఆ ఇంటి మేస్త్రి, అంటే కోడలి మొగుడు, మాత్రం కుర్రతనంలో ఆ మాట పెడచెవిన పెట్టాడు. తల్లి కుట్టుపనిలో వేలికి పెట్టుకునే ఇత్తడి అంగుస్తానా ఉంటే, అలాంటివి పోసి దర్జీలకు అమ్మొచ్చని, చేతికందిన తెల్ల రబ్బరు దాని మీద పోసేశాడు.

మొదట ఆవిడ చెప్పులు వదులయ్యాయి. తర్వాత కుట్టుమిషను తొక్కడానికి కాళ్లందలేదు. ఆ తర్వాత కుర్చీలోంచి బల్ల మీదికి, బల్ల మీంచి దారపు ఉండ మీదికి చేరింది. ఇత్తడి అంగుస్తానా ఎప్పుడో, ఎక్కడో పడిపోయింది. ఇక మిగిలింది ఒకటే దారి. కుంచించుకుపోయిన తెల్ల అచ్చులో ఆఖరిసారి రెజిన్ పోసి, వచ్చిన నకలు మీద నీలం రబ్బరు పోయాలి. అప్పుడు ఆవిడ ఆ కొలత దగ్గరే ఆగిపోతుంది. తెల్ల అచ్చు అంచులు అప్పటికే పిగిలిపోయి, ఇంకొక్క పోతకి మించి ఓర్చేలా లేవు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను," అని తనను తాను తిట్టుకుంటూ మేస్త్రి నీలం డబ్బా కొనడానికి బజారుకెళ్లాడు.

"అమ్మాయ్, వెళ్లాడా?" అంది అత్తగారు. గొంతు వినాలంటే కోడలు బల్ల మీదికి వంగాలి.

"ఇప్పుడే వెళ్లారు అత్తయ్యా."

"ఆ నీలం రబ్బరు ఎన్నేళ్లుంటుందే?"

"మన తర్వాత కూడా ఉంటుంది. చెక్కుచెదరదు."

"అదే నా భయం." ఆవిడ మోకాళ్లు రాసుకుంది. "నేను గోరంతయ్యాను గానీ ఈ నొప్పి కొండంతే ఉంది. ఒళ్లుతో పాటు అదీ తగ్గుతుందనుకున్నా, తగ్గలేదు. సూదిలో దారం ఎక్కించలేను, పిల్లి వస్తే డబ్బాలో దాక్కోవాలి. ఇలా ఎల్లకాలం ఉండమంటే నా వల్ల కాదు."

"ఆయనతో చెప్పండి మరి."

"చెబితే వింటాడా? తన తప్పు దిద్దుకునే ఆరాటం వాడిది. నువ్వున్నావుగా. నీకు గ్లౌజులు రెండు జతలు."

కోడలికి అర్థమైంది. అర్థం కాకపోతే బాగుండుననిపించింది. ఈ ఇంటికొచ్చిన కొత్తల్లో రంగు చుక్కలు ఎక్కువైతే రెజిన్ మెత్తబడి చస్తుందని, బుడగలు సూదితో పొడవాలని నేర్పింది ఆవిడే. మొగుడితో మాటలు లేని రోజుల్లో తోడున్నదీ ఆవిడే.

"మీరు పోతే నేనెవరితో మాట్లాడేది?" అంది ఏడుస్తూ.

"వాడితో మాట్లాడు. ఇన్నాళ్లూ నన్ను అడ్డం పెట్టుకుని తప్పించుకున్నారు ఇద్దరూ." అత్తగారు నవ్వింది. "ఎర్రరంగు కలపమను. పోయేటప్పుడైనా కాస్త కళగా ఉండాలి."

మేస్త్రి ఎర్ర రెజిన్ పోశాడు. మర్నాడు అతను అటు తిరిగి నీలం రబ్బరు కలుపుతుంటే, కోడలు గోడ దగ్గరికెళ్లి పసుపు గ్లౌజులు తొడుక్కుంది. అచ్చులోంచి అంగుస్తానా లాగేసరికి తెల్ల రబ్బరు రెండుగా చిరిగిపోయింది. ఎర్ర నకలును లోపలా బయటా బాగా తడిమి, పెట్టెలో నిలబెట్టి, గ్లౌజులు తీసి మేకుకి తగిలించింది. మేస్త్రి రబ్బరు పోశాడు.

తెల్లారి చూస్తే పైన గట్టిగా ఉంది, లోపల అంగుస్తానా చుట్టూ జిగురు. కడిగి మళ్లీ పోశాడు. మళ్లీ అంతే. ఒకసారి అంటిన మైల ఎంత తోమినా వదలదు. పాత సరుకు అంటగట్టావని కొట్టువాడి మీద పడి అరిచి వచ్చాడు. వచ్చి షెడ్డు మూల కూలబడ్డాడు.

చిరిగిన తెల్ల రబ్బరు ముడుచుకుంటూనే పోయింది. ఆఖరి రోజుల్లో అత్తగారు ఆ ఎర్ర అంగుస్తానాలోనే దూది పరుచుకుని పడుకునేది. ఒక పొద్దున కోడలు ఫిల్లరు పట్టుకుని వంగేసరికి అందులో దూది ఒక్కటే ఉంది.

వానలు మొదలయ్యాక మేస్త్రి ఇంకో నీలం డబ్బా తెచ్చాడు. వేరే కొట్లో కొన్నాడు.

"నువ్వు రంగు కలిపే చెంచా ఉందే, అది తీసుకురా," అన్నాడు.

ఆ చెంచా పెళ్లయినప్పటినుంచీ ఆమె చేతిలోదే. పిడి అరిగి ఆమె బొటనవేలి తీరుకొచ్చింది.

"ఎందుకు?"

"అమ్మ ఎటూ పోయింది. నిన్ను కూడా పోగొట్టుకోలేను. నువ్వు ఇప్పుడెలా ఉన్నావో అలాగే ఉండిపోవాలి."

పెళ్లయ్యాక అతను ఆమెతో అంత పెద్ద మాట అనలేదు. అతను ముసలివాడై చనిపోయాక, ఇదే షెడ్డులో, ఇవే దద్దుర్లతో, ఎవరూ లేకుండా బొత్తాలు ఊడదీసుకుంటూ ఉండిపోయే తనని తలుచుకుంది.

లేచి గోడ దగ్గరికెళ్లింది. అతను చూస్తుండగానే పసుపు గ్లౌజులు తొడుక్కుంది. చెంచాని రెండు చేతులతో పట్టుకుని తెచ్చి అతని ముందు పెట్టింది.

మేస్త్రి గ్లౌజుల వంక చూశాడు. తర్వాత మేకుకి వేలాడుతున్న నల్లవాటి వంక చూశాడు.

"అమ్మప్పుడు కూడానా?"

"అత్తయ్యే అడిగింది."

అతను రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. తల్లి పోయినరోజు రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. ఆమె గ్లౌజులు తీసేసి, ఒట్టి చెయ్యి అతని వీపు మీద వేసి నిలబడింది.

ఏడుపు ఆగాక అతను నీలం డబ్బా మూత పెట్టి, మడమతో తొక్కి బిగించాడు. చెంచా ఆమె చేతికి తిరిగిచ్చేశాడు.

"రంగు కలుపు," అన్నాడు. "కలుపుతూ చెప్పు. అమ్మ ఇంకా ఏమంది?"